తిరుపతయ్య వెంట్రుకల రిపోర్టు

గాజు గ్లాసులో నీళ్ళు పోసి, అందులో దోసకాయ చక్రాలు, రెండు పుదీనా ఆకులు పడేసి చేతికిచ్చినంత మాత్రాన అది ఆసుపత్రి అయిపోతుందా, కాయ కాయని పూవు పూయని చెట్టొకటి తెచ్చి మూలన నిలబెడితే వీళ్ళు వైద్యులైపోతారా అని లోలోపల రుసరుసలాడుతూ, నారాయణమ్మ ఆ గ్లాసు ముట్టకుండా సోఫా అంచున కూర్చుంది. సోఫా కూడా ఒక సోఫానా, కూర్చుంటే లోపలికి దిగిపోతుంది, లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి, రోగులు వచ్చే చోట ఇట్లాంటివి వేశారంటే వీళ్ళకు రోగుల సంగతి ఏపాటి తెలుసో తెలుస్తూనే ఉంది. నంద్యాల శ్రీనివాస సెంటర్లో కింద సెల్‌ఫోన్ల అంగడి, పైన ఇది. బయట బోర్డు మీద ఇంగ్లీషులో ఫంక్షనల్ మెడిసిన్ అని, దాని కింద తెలుగులో 'మీ శరీరానికి మాత్రమే తగిన ఆహారం' అని రాసి ఉంది. మెట్లెక్కుతూ ఆ ముక్క చదివినప్పుడే ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి ఒంటికి ఏం పడుతుందో ఎవరి కడుపు వాళ్ళకు చెప్పదా, దానికి ఒక బోర్డు, ఒక ఏసీ, మెడలో కార్డులు తగిలించుకున్న నలుగురు పిల్లలూ కావాలా. పక్కన ఆమె మొగుడు తిరుపతయ్య మాత్రం దోసకాయ నీళ్ళు గటగటా తాగేసి, ఆమె గ్లాసు కూడా అందుకొని తాగేసి, ఇంకొకటి ఎప్పుడు తెస్తారా అని తలుపు వైపు చూస్తున్నాడు. మనిషికి దాహం. కడవెడు తాగినా తీరని దాహం. అదేమంటే, ఒంట్లో విషమంతా కడుక్కుపోతోంది కాబట్టి అట్లాగే ఉంటుందని మేనల్లుడు మహేశ్వర్ చెప్పాడట.

ఆ విషం పేరు షుగరు. అది వచ్చి పదేళ్ళు దాటింది. పొద్దునొక మాత్ర, రాత్రొక మాత్ర మింగి, ఆళ్లగడ్డ బస్టాండు బెంచీ మీద తనలాంటి పాత కండక్టర్లతో ఊరందరి సంగతులూ మాట్లాడుకుంటూ బాగానే ఉన్న మనిషి. అట్లాంటి మనిషితో, సొంత అక్క కొడుకు మహేశ్వర్ ఒకనాడు వచ్చి, 'మామా, మాత్రలు రోగాన్ని దాచిపెడతాయి గానీ తీసెయ్యవు, వేరు యాడుందో చూడాల' అన్నాడు. అంతే, మరునాటికి మాత్రల డబ్బా బీరువా పైకి ఎక్కింది. మానమన్నావా అప్పా అని నారాయణమ్మ నిలదీస్తే, 'నేను మానమని యాడ చెప్పినా అత్తా' అంటాడు వాడు. వాడు చెప్పలేదట, ఈయన మానలేదట, మాత్రలకే కాళ్ళొచ్చి బీరువా ఎక్కి కూర్చున్నాయి కాబోలు. నెల దాటింది. బెల్టుకు బెజ్జాలు చాలక మేకుతో కొత్తది పొడుచుకున్నాడు. ఇవాళ పొద్దున బస్సులో శిరివెళ్ళ దాటగానే డ్రైవరును బతిమాలి బండి ఆపించి, తుమ్మచెట్ల వెనక్కు పరుగెత్తాడు. కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ, చంకలో పిల్ల ఏడుస్తోందయ్యా అని ఆడవాళ్ళు మొత్తుకున్నా 'స్టాపు లేని కాడ ఆపితే నా ఉద్యోగం నువ్విస్తావా' అని కసిరిన మనిషి. నంద్యాలలో దిగేటప్పుడు కళ్ళు తిరిగి ఆమె భుజం పట్టుకున్నాడు, పట్టుకొని, తెలిసినవాళ్ళెవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. ఈ సోకుల గదిలోంచి బయటపడేలోగా ఈ మనిషి మళ్ళీ మాత్ర మింగడానికి ఒప్పుకోవాలి, కడుపుకు అన్నం తినడానికి ఒప్పుకోవాలి. ఇట్లాగే ఇంకో నెల గడిస్తే బెల్టుకు బెజ్జాలు పొడుచుకునే ఓపిక కూడా ఉండదు. అందుకే వచ్చింది నారాయణమ్మ. లేకపోతే ఈ మెట్లెక్కి వీళ్ళ మొహాలు చూడాల్సిన ఖర్మ ఆమెకేం పట్టింది, మెట్లెక్కితే ఈ మధ్య గుండె దడదడలాడి మధ్యలో నిలబడిపోతోంది కూడాను.

నమ్మడంలో తిరుపతయ్యను మించినవాడు ఆళ్లగడ్డ తాలూకాలో లేడు. కోటు తొడుక్కొని, మాటల మధ్య ఇంగ్లీషు కలిపితే చాలు, ఆయనకు వాడు దేవుడు. ఒక ఏడాది అయస్కాంతాల పరుపు వచ్చింది. లాడ్జిలో మీటింగు పెట్టి, టీలు ఇచ్చి అమ్మారు. పడుకున్న మొదటి రాత్రే నొప్పులన్నీ లాగేసిందని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు, తీరా పక్క దులపబోతే పరుపు తిరగేసి ఉంది, అయస్కాంతాలు కింది గచ్చును లాగుతున్నాయి. ఆ తర్వాత రాగి చెంబు. ఆ తర్వాత పొద్దున్నే గరిటెడు కొబ్బరినూనె. కోటు లేనివాడు ఏం చెప్పినా మాత్రం నవ్వుతాడు, పెళ్ళాం చెబితే ఆ నవ్వు కూడా ఉండదు, అసలు వినపడనే వినపడదు. ఇక మహేశ్వర్ అంటే, వాడు ఎదురుగా కౌంటరు దగ్గర నిలబడి, మెడలో కార్డు తిప్పుకుంటూ ఎవరో బంగారు గాజుల ఆమెకు పొడి డబ్బా మూత తీసి వాసన చూపిస్తున్నాడు. ముందు బీమా అన్నాడు. తర్వాత గోస్పాడు రోడ్డులో ప్లాట్లు అన్నాడు, ఆ ప్లాట్లలో వానకు మోకాటి లోతు నీళ్ళు నిలిచేసరికి ఏడాది పాటు కంటికి కనపడలేదు, ఇప్పుడేమో వెల్‌నెస్ కోచ్. చిన్నప్పుడు సెలవులకొస్తే గిన్నెడు ఉగ్గాని తిని, వాయి తీసిన బజ్జీలన్నీ మింగి, చొక్కా గుండీలు విప్పుకొని వసారాలో దొర్లినవాడు. వాడు వచ్చి ఆమె వంటింట్లో నిలబడి, ఒక్కొక్క డబ్బా మూత తీసి చూసి, 'అత్తా, మీ ఇంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువుండాది' అన్నాడు. డబ్బాలో ఉన్నవి శెనక్కాయ విత్తనాలు. అవి వాడి మొహాన పోయకుండా ఆ రోజు తన చేతులను ఎట్లా పట్టుకుందో ఆమెకే తెలియదు.

వెంట్రుకల రిపోర్టు వచ్చేదాకా ఇదే తినాలని చెప్పి మహేశ్వర్ ముందుగానే ఒక చార్టు ఇచ్చాడు. జొన్నరొట్టె వద్దు, శెనక్కాయలు నూరిన ఊర్బిండి వద్దు, చింతపండు తగలకూడదు, పెరుగు ముట్టకూడదు, సోనా బియ్యం అన్న మాటే ఎత్తకూడదు. పొద్దున ఒక పొడి, మధ్యాహ్నం ఇన్ని ఆకులు, రాత్రికి ఇంకో పొడి, ఆ పొడి కలిపితే సున్నం బకెట్టు వాసన. పోనీ అంతటితో ఊరుకున్నాడా మా మహానుభావుడు తిరుపతయ్య. మొన్న తమ్ముడి మనవరాలికి పేరు పెట్టిన రోజు, పంక్తిలో విస్తరి ముందు కూర్చొని, ఎవరో ఏమప్పా తినడం లేదే అని అడిగితే, 'ఇన్నేండ్లూ మా ఇంట్లో తినిందంతా విషమేనంట, టెస్టుల్లో తెలుస్తాదంట' అని నవ్వుతూ చెప్పాడు. పంక్తి మొత్తం నవ్వింది. నారాయణమ్మ అప్పుడు పప్పు గరిటె పట్టుకొని ఆ పంక్తిలోనే వడ్డిస్తోంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి తెల్లవారుజామున లేచి, ఫస్టు బస్సు డ్యూటీకి పోయే మనిషికి రెండు రొట్టెలు తట్టి మూట కట్టి పంపిన చేతులవి. ఆ విషం తినే కదా ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టాడు, ఆ విషం తినే కదా వేళకు లేచి మీసాలు దువ్వుకున్నాడు. ఆ క్షణాన ఆయన మీద ఆమెకు అసహ్యం వేసింది. దాచుకోకుండా చెప్పాలంటే అది ఇవాళ్టిది కూడా కాదు, చాలా కాలంగా అడుగున ఉన్నదే, ఆ రోజు పైకి తేలింది. ఎవరికీ తెలియకుండా మింగేసి, తర్వాతి విస్తరికి పప్పు వేసింది.

ఇక ఆ వెంట్రుకల సంగతి. తలవెంట్రుకలు చిటికెడు పంపితే చాలట, ఎక్కడో మిషనులో వేసి చూస్తే ఒంట్లో ఏ ఖనిజం తగ్గింది, ఏది పెరిగింది, ఏ తిండి పడుతుంది, ఏది పడదు అన్నీ బయటికి వస్తాయట. తీరా అడిగే వేళకు తిరుపతయ్య నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. షుగరు తగ్గితే తలనీలాలు ఇస్తానని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకొని, తగ్గేదాకా ఓపిక పట్టలేక ముందే పోయి ఇచ్చి వచ్చాడు. ఫోన్లో ఆ మాట విని మహేశ్వర్ కాసేపు ఆలోచించి, 'దువ్వెనలో ఉంటాయిలే అత్తా, పాతవైనా ఏం కాదు, కవర్లో ఏసి పంపు' అన్నాడు. ఈయన దువ్వెన జేబులో ఉండేది, సగం పళ్ళు లేవు, అందులో మురికి తప్ప ఏమీ లేదు. నారాయణమ్మ కొంచెంసేపు నిలబడి ఆలోచించింది. వంటింటి కిటికీ చువ్వకు ఒక కవరు వేలాడుతూ ఉంటుంది. దువ్వుకున్నప్పుడల్లా రాలిన వెంట్రుకలు వేలికి చుట్టి ఉండ చేసి అందులో పడేస్తుంది, మోటారు సైకిలుకు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బకెట్లు కట్టుకొని వీధి వెంట అరుచుకుంటూ వచ్చే మనిషి వాటిని తూకం వేసుకొని ఏదో ఒక సామాను ఇచ్చిపోతాడు. వీధిలో ఆడవాళ్ళందరూ చేసేదే. ఒకప్పుడు ఏడాదంతా దాస్తే ఒక గంటె వచ్చేది. ఈ ఏడు ఏం రాలడమో ఏమో, ఎండాకాలం రాకముందే రెండు కవర్లు నిండాయి, ఈసారి పెద్ద బేసినే వస్తుంది చూడు అని పక్కింటి అమీర్‌బీతో గొప్పలు పోయింది కూడా. అమీర్‌బీ నవ్వకుండా, 'యాడన్నా చూపించుకోక్కా' అంది. చూపించుకోవడానికి తనకేం రోగం, రోగాలన్నీ ఈయన గుత్తకు తీసుకున్నాడు కదా. ఆ ఉండలోంచి నెరిసినవీ నల్లవీ కలిపి చిటికెడు లాగి, మగవాళ్ళ జుట్టంత పొట్టిగా కత్తిరించి, కవర్లో వేసి, పైన తిరుపతయ్య అని రాసి పంపించింది. మిషనుకు అంత తెలివే ఉంటే ఇవి ఆడమనిషివని చెప్పాలి. చెప్పలేదో, నలుగురి ముందూ అసలు సంగతి బయటపెట్టి, సిగ్గుతో ఈయన మాత్ర మింగేట్టు చేయాలి. అదీ ఆమె వేసుకున్న లెక్క.

లోపలికి పిలిచారు. లావణ్య మేడం అట, ముప్పై దాటని పిల్ల, తెల్లకోటు, నవ్వు మాత్రం కరెంటు పోయినా ఆరిపోనంత గట్టిది. డాక్టరా అని నారాయణమ్మ అడిగితే న్యూట్రిషన్ ఎక్స్‌పర్టు అన్నాడు వెంట వచ్చిన మహేశ్వర్, అంటే కాదన్నమాట. గోడకున్న టీవీ మీద ఎర్రవీ పచ్చవీ గీతలు వచ్చాయి, పైన ఇంగ్లీషులో తిరుపతయ్య పేరు. వచ్చింది కదూ, ఆయన పేరు మీదే వచ్చింది కదూ అని నారాయణమ్మ పెదవి బిగపట్టుకుంది. 'అంకుల్, మీ బాడీ చాలా రోజుల నుంచి మీకేదో చెప్పాలని చూస్తోంది, మీరే వినడం లేదు' అంది ఆ పిల్ల. తిరుపతయ్య బడిపిల్లవాడిలా తల ఊపాడు. ఐరన్ బాగా తక్కువట, జింకు తక్కువట, థైరాయిడ్ కూడా కాస్త నెమ్మదించినట్టుందట. పొద్దున లేచేసరికే అలసటగా ఉంటుందా అని అడిగింది. ఉంటాది మేడం అన్నాడు. ఎప్పుడుందట, తెల్లవారి ఎండెక్కేదాకా గుర్రుపెట్టే మనిషికి. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయా అంటే పట్టేస్తాయన్నాడు. అరికాళ్ళలో మంటలుంటాయా అని అడిగింది. 'ఉంటాయి మేడం, నిప్పుల మింద నడిచినట్టే ఉంటాది' అన్నాడు తిరుపతయ్య, ఇంత విచారంగా మొహం పెట్టి. ఆ మాట నారాయణమ్మది. మొన్న రాత్రి నిద్రపట్టక మంచం మీద కూర్చొని, కాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టుందప్పా అని ఆమె అంటే, పండుకో ఊరికే అని అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడు చెవిన పడలేదనుకుంది. పడిందన్నమాట, పడి, ఇన్నాళ్ళూ లోపల పెట్టుకొని, ఇవాళ మేడం ముందు సొంత సొత్తులా బయటికి తీశాడు. 'జుట్టు ఎక్కువగా రాలుతోందా అంకుల్' అంది ఆ పిల్ల కాగితంలోంచి తలెత్తకుండా. తిరుపతయ్య గుండు తడుముకొని, 'రాలతాండాది మేడం' అన్నాడు.

నవ్వు రావాల్సిన చోట నారాయణమ్మకు నవ్వు రాలేదు. ఇవన్నీ ఎవరినడిగినా ఉన్నాయనే అంటారు, చిలక జోస్యం వాడు కూడా కడుపులో దిగులుందా తల్లీ అని ఇట్లాగే మొదలుపెడతాడు, ఎర్రగీతలు చూపించి డబ్బాలు అంటగట్టే ఈ పిల్లకు వెంట్రుక ఆడదో మగదో తెలియలేదు, ఇంక జబ్బేం తెలుస్తుంది. అయినా ఆ పిల్ల ఒక్కొక్కటి అడుగుతుంటే లోపల ఎవరో అవునమ్మా, అవునమ్మా అని తల ఊపుతున్నారు. పొద్దున లేస్తే రాత్రంతా బండలు మోసినట్టు ఉండడం అవును. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి దిగుతూ కళ్ళు చీకట్లు కమ్మి మెట్టు మీదే కూలబడి, ఎవరో చూస్తే కాయలు ఏరుతున్నానని చెప్పడం అవును. ఏమీ తినబుద్ధి కాకపోవడం, గోళ్ళు తెల్లబడి విరగడం, పిండి కలిపేటప్పుడు చేతులు బరువెక్కడం, అన్నీ అవునే. వయసు కదా అనుకుంది, ఆడమనిషి ఒళ్ళు ఇట్లాగే ఉంటుంది కదా అనుకుంది. ఇన్ని ప్రశ్నలు వరసగా కూర్చొని తనను ఎవరైనా అడిగారా అని వెతికితే ఒక్కరూ గుర్తుకు రాలేదు. ఇప్పుడు అడిగింది కూడా తనను కాదు, పక్కన కూర్చున్న గుండును. ఒక బూటకపు పిల్ల ఇంకెవరినో అడిగిన ప్రశ్నలకు తాను జవాబులు చెప్పుకోవడం ఏమిటని తనను తానే తిట్టుకుంది.

"అమ్మాయ్," అంది నారాయణమ్మ. "అవి ఆయన వెంట్రుకలు కాదు. నావి."

మహేశ్వర్ మెడలో కార్డు తిప్పడం ఆపాడు.

"ఏందత్తా నువ్వు, ఎవరన్నా చేసే పనేనా ఇది," అన్నాడు.

"దువ్వెనలోవి పెట్టమనింది నువ్వే కదప్పా. మా ఇంట్లో దువ్వెనకు దొరికేవి నావే."

లావణ్య మేడం నవ్వు కొంచెం కదిలింది గానీ పడిపోలేదు. "పర్వాలేదు ఆంటీ. మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు, ఒకే తిండి కదా. చాలావరకు ఇద్దరికీ ఒకేలా వస్తుంది. ఈ చార్టే అంకుల్ కూడా ఫాలో కావచ్చు," అంది. ఎంత హాయిగా చెప్పింది తల్లి. ఒక్కరికి కుట్టిన రవికె ఇంటిల్లిపాదికీ సరిపోతుందని చెప్పినట్టుంది. నారాయణమ్మ ఆ పిల్లను వదిలేసి మొగుడి వైపు తిరిగింది. అరుస్తాడనుకుంది, నా పరువు తీస్తివి కదే అంటాడనుకుంది, దానికి చెప్పాల్సిన జవాబులన్నీ బస్సులోనే కూర్చుకొని పెట్టుకుంది.

తిరుపతయ్య ఒకసారి టీవీ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "అంటే ఈ రక్తం లేంది, మంటలు, థైరాయిడు, ఇయన్నీ దీనికేనా?"

"నాకే."

ఆయన మొహం విప్పారింది. నెల రోజుల తర్వాత కండక్టరు తిరుపతయ్య మళ్ళీ ఆ కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. "అయితే నాకేం లేదన్నమాట," అన్నాడు, అని, మహేశ్వర్ తొడ మీద చరిచి, "చూస్తివా, నాకేం లేదు. ఉండేది షుగరొకటే. మాత్ర ఏసుకొని ఇంత అన్నం తింటే సరిపోతాది, ఊరికే కడుపు మాడిస్తిరి కదరా," అన్నాడు.

ఆమె ఏం కావాలని వచ్చిందో అదే, అడగకుండానే, ఆయన నోటితోనే వచ్చింది. నారాయణమ్మ ఇంకా ఆయన మొహం వంకే చూస్తూ ఉంది. తర్వాతి మాట కోసం చూసింది. అయితే నీకెట్లా ఉంది అనక్కర్లేదు, అయ్యో అనక్కర్లేదు, ఆ టీవీ వంక ఇంకొక్కసారి చూసినా చాలు. తిరుపతయ్య పెరుగు కూడా తినొచ్చు కదా అని మహేశ్వర్‌ను అడుగుతున్నాడు. ఈ పిల్లనూ ఈ మేనల్లుడినీ తాను అనవసరంగా తిట్టుకుందని ఆమెకు అనిపించింది. వాళ్ళు బతుకుతెరువు కోసం అబద్ధాలు చెబుతున్నారు, రేపు ఇంకేదో అమ్ముకుంటారు. ఈయనకు ఆ అవసరం కూడా లేదు, అయినా ఇంతే. ఇన్నేళ్ళూ ఈయన అమాయకుడు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు అని అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. అమాయకుడు కాదు, తన ఒళ్ళు తప్ప ఇంకో ఒళ్ళు ఈ లోకంలో ఉందని తెలియని మనిషి. ఆమె లేచింది. సోఫా కాదు కాబట్టి ఎవరూ పట్టుకోకుండానే లేవగలిగింది.

కిందికి దిగి, రోడ్డవతల మెస్సులో ఆయనకు అన్నం పెట్టించింది. సంచిలో తెచ్చిన మాత్ర తీసి చేతిలో పెడితే మారు మాట్లాడకుండా మింగాడు. రెండోసారి పప్పు వేయించుకొని, పెరుగు పోయించుకొని, విస్తరాకు మడిచి, తేన్చి, వేళ్ళు తుడుచుకున్నాడు. నువ్వు తినవా అని అడగలేదు, ఆమె కూడా అడుగుతాడని చూడలేదు.

"పా బేగా, బస్సుకు టైమైతాంది," అన్నాడు బయటికొచ్చి.

నారాయణమ్మ బస్టాండు వైపు తిరగలేదు. పెద్దాసుపత్రి దారి పట్టింది.

"యాడికి పోతాండావ్? ఏమే, బస్టాండు ఈడుంటే ఆడికేంది?"

ఆమె వెనక్కి చూడకుండా నడిచింది, మధ్యలో ఒకసారి గుండె దడకు కరెంటు స్తంభం పట్టుకొని నిలబడి, మళ్ళీ నడిచింది. వెనకాల చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఒంటరిగా బస్సెక్కి పోవడం కూడా రాదు ఈ మనిషికి. ఓపీ చీటీల కిటికీ దగ్గర ఆడవాళ్ళ వరస కొంచెంకొంచెంగా కదిలి, ఆమె వంతు వచ్చింది. లోపల కూర్చున్న అమ్మాయి కంప్యూటరు మీదినుంచి తల ఎత్తకుండా, "పేషెంటు పేరు?" అంది.

నారాయణమ్మ నోరు తెరిచేలోగా, వెనకనుంచి తిరుపతయ్య ఆమె భుజం మీదుగా వంగి, కిటికీ బెజ్జంలో తల పెట్టి, "తిరుపతయ్య. ఆళ్లగడ్డ. షుగరు," అన్నాడు.

ఆమె మోచేత్తో ఆయనను పక్కకు జరిపింది.

"ఈయనకేం లేదంటమ్మా," అంది. "నారాయణమ్మ అని రాయి."